చేతికి తెలివి

పక్షవాతము సోకినవాని చేయి కదలినదా యని అందఱు నడుగుదురు. ఆ చేతికి స్పర్శ తెలియుచున్నదా యని యడుగువా రరుదు. చెంబు పట్టు తెలియనిచో కండలలో బలమున్నను చెంబు జాఱిపడును. నీటి వేడి తెలియక చేయి కాలుటయు గలదు. కావున స్పర్శజ్ఞానమును మరల నలవఱచుట చికిత్సలో ప్రధానభాగము కావలసియున్నది.

ఇది సాధ్యమా యను సందేహమునకు శాస్త్రము సమాధాన మిచ్చినది. మాంట్రియాలు నగరమున పెన్‌ఫీల్డు, బోల్‌డ్రీ యను వైద్యులు, శస్త్రచికిత్సాసమయమున మేలుకొనియున్న రోగుల మెదడును స్వల్పవిద్యుత్తుతో దాకి, ఏ యవయవమున స్పర్శ తోచుచున్నదో యడిగి తెలిసికొని, ఆ ఫలితములను 1937లో ప్రకటించిరి. మొండెముకంటె వ్రేళ్లకును పెదవులకును మెదడులో నెక్కువ చోటు గలదని తేలినది. ఈ విభాగము మార్పులేనిదని చిరకాలము తలచిరి. 1984లో మెర్జెనిచ్ ప్రభృతులు ప్రకటించిన పరిశోధన యా తలంపును సడలించినది. కోతికి వ్రేలు తొలగించినపిమ్మట, సాగు మానిన చేను పొరుగుగట్టున గలిసినట్లు, మెదడులో నా వ్రేలి చోటును ప్రక్కవ్రేళ్లు క్రమముగ నాక్రమించుకొనెను. వాడుక తప్పిన చోటు పోవు ననియు, వాడుకచే చోటు పెరుగు ననియు నిట్టి పరిశోధనలవలన దెలియవచ్చినది.

అయితే తాకిన మాత్రమున చాలదు. 1992లో ప్రకటితమైన పరిశోధనలో, కంపనభేదమును శ్రద్ధతో గుర్తించిన కోతులకే మెదడులో వ్రేలి చోటు విశేషముగ మాఱెను. అదే స్పర్శ కలిగినను శబ్దముపై దృష్టి నిలిపిన కోతుల కట్టి ఫలము లేదు. ఆస్ట్రేలియాలో కేరీ ప్రభృతులు 50 మంది రోగులను పరీక్షించి 2011లో ప్రకటించిన ఫలితములును నిట్టివే. ఊరక వస్తువులను దాకినవారికంటె, భేదమును గుర్తించు శిక్షణ పొందినవారి కెక్కువ మేలు కలిగెను.

మన యిండ్లలో తైలమర్దనముతో దృప్తిపడుట పరిపాటి. అది రోగికి హాయి నిచ్చునేగాని యీ శిక్షణకు బదులు కాజాలదు. రోగి కన్నులు మూసికొని గరుకుగుడ్డయో పట్టుగుడ్డయో, కందులో బియ్యమో గుర్తింపవలయును. పిమ్మట కన్నులు దెఱచి సరిచూచుకొని, మంచిచేతితో దాకి పోల్చుకొనవలయును. స్థూలభేదములనుండి సూక్ష్మభేదములకు క్రమముగ సాగవలయును.

కేంద్రప్రభుత్వము 2010లో నారంభించిన జాతీయారోగ్యకార్యక్రమమున పక్షవాతమును జేర్చినది. ప్రాణము నిలుపుటతో వైద్యుని పని ముగియదు. జిల్లా వైద్యశాలలలో నీ శిక్షణ నెఱిగినవారిని నియమించి, రోగి యింటికి మరలునపుడు బంధువులకును నేర్పి పంపవలయును. ఇందుకు ఖరీదైన యంత్రములతో బనిలేదు. నిత్యము కొంతకాలము రోగిచెంత గూర్చుండు ఓర్పు గావలయును. ప్రభుత్వము నేర్పరులను సమకూర్పవలయును. ఆ యోర్పును గృహస్థులు సమకూర్పవలయును.