ఒకటిన్నరా... రెండా?

మజ్దా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది స్వరాజ్ మజ్దా. స్కూలు పిల్లల్నీ, పెళ్లి బృందాల్నీ మోసిన వ్యాను. 2011లో ఆ కంపెనీ పేరు ఎస్ఎంఎల్ ఇసుజుగా మారినా జనం నోట్లో పాత పేరే ఉండిపోయింది. ఆ పేరులో సగమైన జపాన్ మజ్దా, హిరోషిమాలో ఇంకో రకం బండి కూడా తయారుచేస్తుంది. ఇద్దరంటే ఇద్దరే కూర్చునే బుల్లి కారు. పైకప్పు తీసేస్తే నెత్తిమీద ఆకాశమే! పేరు ఎంఎక్స్-5. అమెరికాలో మియాటా అంటారు.

మన దేశంలో దీన్ని అమ్మడం లేదు. కానీ బ్రిటన్ రోడ్ల మీద ఇది బాగా తెలిసిన మొహమే. పోర్షేలూ ఫెరారీలూ కొనే స్తోమత లేకపోయినా స్పోర్ట్స్ కారు సరదా ఉన్నవాళ్లు ముందుగా చూసేది దీన్నే. అక్కడ ఉద్యోగాల్లో స్థిరపడ్డ తెలుగు కుర్రాళ్లూ అందుకు మినహాయింపు కాదు. వారమంతా సిటీలో ఆఫీసుకు, వారాంతంలో పల్లెదారుల్లో షికారుకు... రెండింటికీ ఒకే కారు కావాలి. అక్కడే వస్తుంది చిక్కు. ఒకటిన్నర లీటర్ల ఇంజినా? రెండు లీటర్లదా? గుడ్డ కప్పా? గట్టి కప్పా?

'డబ్బు పెట్టేటప్పుడు పెద్దదే తీసుకోవాలి' అన్నది ఎవర్నడిగినా దొరికే సలహా. అది అన్నిసార్లూ సరైన సలహా కాదు.

గుర్రమూ రౌతూ

1960ల్లో బ్రిటన్‌లో లోటస్, ఎంజీ, ట్రయంఫ్ కంపెనీల చిన్న ఓపెన్ కార్లు ఓ వెలుగు వెలిగాయి. తర్వాత ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. ఆ ఖాళీని పూరించింది జపాన్. 1989లో షికాగో ఆటో షోలో మజ్దా తొలి ఎంఎక్స్-5ను చూపించింది. ఇంజిను 1.6 లీటర్లు, శక్తి 115 హార్స్ పవర్‌కు కాస్త అటూ ఇటూ. ఈ రోజుల్లో మామూలు హ్యాచ్‌బ్యాక్‌కూ అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అయినా జనం ఎగబడి కొన్నారు. 2016 ఏప్రిల్‌లో పది లక్షలో కారు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ పుస్తకంలోకీ ఎక్కింది.

దీని వెనకున్న సూత్రాన్ని మజ్దా ఇంజినీర్లు 'జిన్బా ఇత్తాయ్' అంటారు. గుర్రమూ, రౌతూ ఒక్కటైపోవడం అని అర్థం. బరువు తగ్గించు, సీటును నేలకు దగ్గరగా పెట్టు, స్టీరింగ్ తిప్పిన మరుక్షణం బండి తిరిగేలా చూడు. బలం సంగతి ఆ తర్వాత. ఈ వరుస గుర్తుంటే ఇంజిన్ల గొడవ సగం తేలినట్టే.

కాగితం మీద లెక్క

2015లో వచ్చిన నాలుగో తరం కారును బ్రిటన్‌లో రెండు ఇంజిన్లతోనూ అమ్మకానికి పెట్టారు. రెండు లీటర్లది మొదట 160 హార్స్ పవర్. 2018లో దాన్ని 184కు పెంచారు. ఒకటిన్నర లీటర్లది 132. నిలబడ్డ చోటు నుంచి గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 184 బండికి ఆరున్నర సెకన్లు చాలు. 132 బండికి 8.3 సెకన్లు పడుతుంది. తేడా రెండు సెకన్ల లోపే.

ఇంధనం దగ్గర చిన్నది ముందుంది. అధికారిక పరీక్షల లెక్క ప్రకారం ఒకటిన్నర లీటర్లది లీటరుకు దాదాపు 16 కిలోమీటర్లు, రెండు లీటర్లది 14.5 కిలోమీటర్లు ఇస్తుంది. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగితే తేడా 60 లీటర్ల పైచిలుకు. ఆస్తులు కరిగిపోయేంత కాదు. అసలు లెక్క వేరే ఉంది.

దారి చెప్పే లెక్క

బ్రిటన్‌లో నగర వీధుల్లో వేగ పరిమితి గంటకు 30 మైళ్లు. అంటే 48 కిలోమీటర్లు. చాలాచోట్ల ఇప్పుడది 20 మైళ్లే. వేల్స్‌లోనైతే 2023 సెప్టెంబరు నుంచి ఇళ్లున్న వీధులన్నిట్లో సాధారణ పరిమితి 20 మైళ్లకు దిగింది. ఈ వేగంలో 132 హార్స్ పవరైనా, 184 అయినా సిగ్నల్ దగ్గర నిలబడేది ఒకే వరుసలో.

మరి పల్లెదారుల్లో? అటూ ఇటూ బండ్లు నడిచే ఒంటి రోడ్డు మీద కార్లకు పై హద్దు 60 మైళ్లు. విశేషమేమిటంటే ఎంఎక్స్-5ను రెండో గేరులోనే గట్టిగా లాగితే ఆ 60 అందేస్తుంది. ఏ ఇంజినైనా సరే! ఇంకా నాలుగు గేర్లు మిగిలే ఉంటాయి. అంటే చట్టం ఒప్పుకునే వేగంలో పెద్ద ఇంజిన్ బలమంతా వాడే అవకాశం వచ్చేది రెప్పపాటే. చిన్న ఇంజిన్‌కు ఇక్కడే మార్కులు. దాన్ని 7500 ఆర్పీఎం దాకా తిప్పుతూ, గేర్లు మారుస్తూ, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త ఎక్కువసేపు ఉంచొచ్చు. బండి చేసే పని ఎక్కువ, వచ్చే వేగం తక్కువ. సరదా అంతా అందులోనే.

ఇది సరదా సంగతే కాదు, ప్రాణం సంగతి కూడా. బ్రిటన్‌లో రోడ్డు ప్రమాదాల మరణాల్లో సగానికి పైగా జరిగేది గ్రామీణ రోడ్ల మీదే. మలుపు తిరిగేదాకా ఎదుట ఏముందో కనపడనివ్వని ముళ్లకంచెలు, ఉన్నట్టుండి ఎదురయ్యే ట్రాక్టర్లు, గుర్రాల మీద వచ్చేవాళ్లు, తడి ఆకులు. ఊరు దాటగానే తెల్లటి గుండ్రం మీద నల్లటి అడ్డగీత బోర్డు కనిపిస్తుంది. ఒంటి రోడ్డు మీద దానర్థం 60 మైళ్లు దాటొద్దని. అరవైలో పొమ్మని కాదు. కొత్తగా వెళ్లినవాళ్లు పొరబడేది ఇక్కడే.

పెద్దది ఎవరికి?

అలాగని రెండు లీటర్ల ఇంజిన్ దండగేం కాదు. ఒకటిన్నర లీటర్ల ఇంజిన్ లాగే శక్తి 152 న్యూటన్ మీటర్లు. అదీ 4500 ఆర్పీఎం దగ్గర. రెండు లీటర్లది 205. పైగా 4000 దగ్గరే అందుతుంది. పక్కన మనిషి, వెనక సామాను, ముందు ఎత్తు... ఇలాంటప్పుడు తేడా బాగా తెలుస్తుంది. చిన్నదానికి మాటిమాటికీ గేరు దించాలి. పెద్దది ఉన్న గేరులోనే ఎక్కేస్తుంది.

ఓవర్‌టేక్ చేసేటప్పుడూ అంతే. ఎదురు వరుసలో ఉండే సమయం ఎంత తగ్గితే అంత మంచిది. మోటార్‌వే మీద 70 మైళ్ల ప్రవాహంలో కలవడానికీ పెద్దదే సుఖం. చాలా రెండు లీటర్ల మాన్యువల్ రకాల్లో వెనక చక్రాలు రెండింటికీ బలాన్ని సర్ది పంచే ఎల్ఎస్‌డీ కూడా ఉంటుంది.

ఉదాహరణకు రెడింగ్‌లో ఉంటూ వారమంతా సిటీలో తిరిగి, ఆదివారం పక్కనే ఉన్న చిల్టర్న్ కొండల్లోకి ఒక్కడే వెళ్లే కుర్రాడనుకోండి. అతనికి ఒకటిన్నర చాలు. మాంచెస్టర్‌లో ఉంటూ నెలకు రెండుసార్లు మోటార్‌వే మీద లండన్ వెళ్లొచ్చే దంపతులైతే రెండు లీటర్లదే న్యాయం. కారు ఒకటే. దారులు వేరు.

నెత్తిన ఏ కప్పు?

గుడ్డ కప్పును సీట్లో కూర్చునే చేత్తో వెనక్కి తోసేయొచ్చు. తేలిక, ధర తక్కువ. ఆర్ఎఫ్ రకంలో గట్టి కప్పు. మీట నొక్కితే 13 సెకన్లలో ముడుచుకుంటుంది. అయితే బండి గంటకు పది కిలోమీటర్ల లోపు వేగంలో ఉండాలి. బరువు సుమారు 45 కిలోలు ఎక్కువ. మోటార్‌వే మీద చప్పుడు తక్కువ. రాత్రిళ్లు వీధిలోనే పార్క్ చేసేవాళ్లకు మనశ్శాంతి కూడా. గుడ్డను కోయడానికి ఓ చిన్న కత్తి చాలు కదా! కానీ ఆర్ఎఫ్ వెనక భాగం భుజం మీదుగా చూసేటప్పుడు అడ్డొస్తుంది. సైకిళ్లు దూసుకొచ్చే నగరాల్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఏ రకమైనా డిక్కీ 130 లీటర్లకు మించదు. రెండు చిన్న పెట్టెలతో సరి. స్టెప్నీ ఉండదు. పంక్చరైతే ట్యూబులోని జిగురు, గాలి పంపూ దిక్కు.

సంతకం పెట్టేముందు

'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అన్నారు పెద్దలు. నడవని స్పోర్ట్స్ కారుకైనా బీమా కట్టాల్సిందే. బ్రిటన్‌లో కార్లను 1 నుంచి 50 దాకా బీమా గ్రూపులుగా విడగొడుతూ వచ్చారు. బండి బలం పెరిగినకొద్దీ గ్రూపు పైకి వెళ్తుంది. వయసు, ఇల్లున్న ప్రాంతం, లైసెన్స్ వచ్చి ఎన్నేళ్లయిందన్నదీ చూస్తారు. మన దేశపు లైసెన్స్‌తో అక్కడ నివాసం మొదలైన 12 నెలల వరకే నడపొచ్చు. తర్వాత అక్కడి పరీక్ష పాసవ్వాల్సిందే. కాబట్టి కారు చూడకముందే రెండు ఇంజిన్లకూ బీమా ఎంతో కనుక్కోవాలి. చాలామంది నిర్ణయం అక్కడే మారిపోతుంది.

పాత కారు కొనేవాళ్లు 2018 మార్పుల తర్వాతి బండి దొరుకుతుందేమో చూడటం మంచిది. స్టీరింగ్‌ను ముందుకూ వెనక్కూ జరుపుకునే వీలు అప్పటినుంచే వచ్చింది. పొడుగు మనుషులకు అది వరం. బండి నంబరు కొడితే ఎంఓటీ పరీక్షల చరిత్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపిస్తుంది. టైర్ల గాడి లోతు చూడటం మరవొద్దు. చట్టం ప్రకారం కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి.

టెస్ట్ డ్రైవ్‌కు షోరూం వాళ్లు చూపించే నున్నటి రోడ్డు సరిపోదు. రోజూ వెళ్లే ఆఫీసు దారి, ఒక ఎత్తు, ఒక గతుకుల పల్లెబాట, కాస్త మోటార్‌వే... అన్నీ కలిసొచ్చేలా అడగాలి. పక్కన ఎప్పుడూ కూర్చునే మనిషినీ తీసుకెళ్లాలి. ఆ పూట పెద్ద ఇంజిన్ లేని లోటు ఒక్కసారీ తెలియలేదా? చిన్నదే తీసుకోండి. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు కొనొచ్చు. ఐఏఎం రోడ్‌స్మార్ట్ లాంటి సంస్థలు నేర్పే అడ్వాన్స్‌డ్ డ్రైవింగ్‌లో చేరొచ్చు. మలుపులో పనికొచ్చేవి అవే!