చీపురు ఎవరిది? ఊరు ఎవరిది?

ఏటా బళ్ళో పిల్లల చేత 'మా ఊరు' అని వ్యాసం రాయిస్తాం. చల్లపల్లి పిల్లలు ఏం రాస్తారో మాకు ముందే తెలుసు. రాజావారి కోట, దేవరకోట సంస్థానం, పంట కాల్వ, పచ్చటి పొలాలు, పక్కనే ఘంటసాల బౌద్ధ స్తూపం, మోపిదేవి గుడి. ఈ పదేళ్ళలో ఇంకో మాట చేరింది, 'మా ఊరు శుభ్రమైన ఊరు' అని. అన్నీ నిజమే. మార్కులేస్తాం.

కానీ పేట నుంచి వచ్చిన పిల్ల కూడా అదే రాస్తుంది. కోట గురించి రాస్తుంది గాని ఆ దొరల పొలాల్లో పాలేరుతనం చేసిన తాత గురించి రాయదు. శుభ్రత గురించి రాస్తుంది గాని తెల్లారకముందే పంచాయతీ చెత్త బండి తోలే అమ్మ గురించి రాయదు. ఎందుకు రాయలేదే అని అడిగితే తల దించుకుంటుంది. ఆ సిగ్గు పిల్లది కాదు, ఊరిది.

ఊరి చరిత్ర అంటే జమీందారు వంశం చరిత్రేనని మనకి నేర్పారు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది, డెల్టాకి నీళ్ళొచ్చాయి, పంట పండింది. ఆ కాల్వల మట్టి తవ్విందెవరు? మడిలో నడుం వంచి నాట్లేసిందెవరు? 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. పట్టాలు అప్పటికే సాగుహక్కు ఉన్న రైతులకి దక్కాయి. హక్కు లేక కూలికి దున్నినోడికి కూలే మిగిలింది. చండ్ర రాజేశ్వరరావు పుట్టిన మంగళాపురం ఇక్కడే. చల్లపల్లి జమీందారు భూముల మీద ఎర్రజెండా పోరాటాలు జరిగాయి. ఆ జెండా మోసినోళ్ళలో మనోళ్ళూ ఉన్నారు. పుస్తకాల్లో నాయకుల పేర్లున్నాయి, మోసినోళ్ళ పేర్లు లేవు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సర్కారు లెక్క ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. డాబా ఎక్కగలిగినోళ్ళు చాలామంది బతికారు. పాకల్లో పడుకున్న కూలీలూ జాలర్లూ కొట్టుకుపోయారు. ఈ సీమ అందం ఎవరికెంత దక్కిందో ఆ ఒక్క రాత్రి చెప్పింది.

ఇప్పుడు చీపురు సంగతికొద్దాం. 2014 నవంబరు నుంచి చల్లపల్లిలో డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి గార్లూ, వాళ్ళతో మరెందరో తెల్లవారుజామునే లేచి రోడ్లు ఊడుస్తున్నారు, మురుగు తీస్తున్నారు, చెట్లు పెంచుతున్నారు. ఒకప్పుడు ముక్కు మూసుకుని నడవాల్సిన గంగులవారిపాలెం రోడ్డు ఇవాళ పూల దారి. దూరాల నుంచి వొచ్చి చూసి పోతున్నారు. మేం దీన్ని తక్కువ చెయ్యం. డాక్టరు చేతికి చీపురు రావడం చిన్న విషయం కాదు. ఈ పని ఫలానా కులమే చెయ్యాలన్న మాటకి అది చెంపపెట్టు. వాళ్ళకి మా నమస్కారం.

అయినా ఒక్క ప్రశ్న. డాక్టరు ఊడిస్తే సేవ అంటున్నారు. మన అక్క ఊడిస్తే ఆమె పని అంటున్నారు. మొదటిదానికి సన్మానం. రెండోదానికి ఆ చేత్తో మంచినీళ్ళు పుచ్చుకోవడానికి కూడా వెనకాడే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. చెత్త ఒకటే, చీపురు ఒకటే. తేడా ఎక్కడుంది? ఒకరు ఇష్టపడి పట్టుకున్నారు. రేపు వొద్దనుకుంటే దించొచ్చు. ఇంకొకరికి పుట్టుకతోనే చేతికిచ్చారు. దించే దారి లేదు. కులం పనిని మాత్రమే కాదు, పనిచేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా విడదీస్తుందని బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పారు.

పేర్లకేం తక్కువ లేదు. తోటి అన్నారు, స్వీపర్ అన్నారు, గ్రీన్ అంబాసిడర్ అన్నారు, క్లాప్ మిత్ర అన్నారు. పేరు మారినప్పుడల్లా ఫొటోలు దిగారు. చీపురు మారిందా? 2019లో ప్రయాగలో ప్రధానమంత్రి అయిదుగురు పారిశుధ్య కార్మికుల కాళ్ళు కడిగారు. మనకి కాళ్ళు కడిగేవాళ్ళు అక్కర్లేదు. ఆ కాళ్ళకి బూట్లు కావాలి, చేతులకి తొడుగులు కావాలి, ఒకటో తారీకున జీతం కావాలి. మనిషి చేత పాకీ పని చేయించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వొచ్చాయి. ఆ చట్టాలేం చెప్తున్నాయో పేటలో ఎంతమందికి చదివి వినిపించాం? ఈ తప్పు మనదీ, చదువుకున్నోళ్ళది.

కాబట్టి కార్యకర్తలకి మా మాట. ప్రతి పేటలో కూర్చుని లెక్క తియ్యండి. పంచాయతీలో ఊడ్చేవాళ్ళెందరు, ఏ కులాలోళ్ళు, జీతం ఎన్నాళ్ళకొకసారి వొస్తోంది, పి.ఎఫ్. ఉందా, జబ్బు చేస్తే ఎవరు చూస్తున్నారు. సిమెంటు రోడ్డు ఎక్కడ ఆగిపోయిందో, ఊరి మురుగు ఎవరి గుమ్మం ముందు నిలుస్తోందో నడిచి చూడండి. ఆ కాయితం గ్రామసభలో గట్టిగా చదవండి. ఊరు శుభ్రం కోసం లేచిన డాక్టర్లనీ, మేష్టర్లనీ, షావుకార్లనీ పిలవండి. చీపురు పట్టినోళ్ళు జీతం అడిగేటప్పుడు కూడా పక్కన నిలబడమని అడగండి. నిలబడితే ఊరు మారినట్టు. నిలబడకపోతే రోడ్డే మారినట్టు.

1917లో అప్పటి మన జిల్లాలోని బెజవాడలోనే భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనోళ్ళు సభ పెట్టి, పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని చెప్పుకున్నారు. మనం ఈ నేలకి మొదటివాళ్ళమని దాని అర్థం. మొదటివాళ్ళకి ఊరి చివర చోటేంటి?

ఈ ఏడు 'మా ఊరు' వ్యాసం మళ్ళీ రాయిస్తాం. ఈసారి ముందుగా ఒక మాట చెప్తాం. కోట గురించి నాలుగు వాక్యాలు చాలు, మీ అమ్మ గురించి పది రాయండి అని. ఊరు ఎవరిదో పిల్లలే తేలుస్తారు.

జై భీమ్.