ఇంజిన్ విప్పకముందే మాట కాగితమెక్కాలి
నోటిమాట ఒప్పందాలతో రైతుకూ, మేస్త్రీకీ నష్టమే

బీచుపల్లి: దుక్కుల కాలంలో ట్రాక్టర్ ఇంజిన్ సీజ్ అయితే రైతుకు పోయేది మరమ్మతు ఖర్చు ఒక్కటే కాదు. అదను పోతుంది, ఒప్పుకున్న కిరాయి పోతుంది, ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు. వేలకు వేలు పోసి ఇంజిన్ పని చేయించిన నెలకే మళ్లీ పొగ రావడం, ఆయిల్ తాగడం మొదలైతే తగవు తప్పదు. ‘నీ పని బాగాలేదు’ అని రైతు, ‘నువ్వు నడిపిన తీరు బాగాలేదు’ అని మేస్త్రీ వాదనకు దిగుతారు. ఇద్దరి దగ్గరా ఆధారం ఉండదు. ఈ తగవులకు మూలం ఇంజిన్ లోపల కంటే, పని ఒప్పుకున్న నాటి నోటిమాటలోనే ఎక్కువగా ఉంది.

ఒక ఇంజిన్... నాలుగు చేతులు

కృష్ణా తీరాన, ఒకప్పటి 7వ నంబరు, నేటి 44వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న ఊరు బీచుపల్లి. వంతెనకు ఇవతల జోగులాంబ గద్వాల జిల్లా, అవతల వనపర్తి జిల్లా. దక్షిణాన తుంగభద్ర దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు, పడమరకు వెళితే కర్ణాటకలోని రాయచూరు. జూరాల ఆయకట్టు వరికైనా, గద్వాల ప్రాంతపు సీడ్ పత్తికైనా ఇప్పుడు యంత్రమే ఆధారం. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చాక బావుల మీద ఆయిల్ ఇంజిన్ల అవసరం తగ్గింది. ఇంజిన్ అంటే నేడు రైతుకు గుర్తొచ్చేది ట్రాక్టర్, కోత యంత్రమే.

చిన్నచిన్న పనులు దగ్గరి షెడ్డులోనే పూర్తవుతాయి. బోరు కొట్టాలన్నా, క్రాంకు గ్రైండింగ్ చేయాలన్నా లేత్ షాపు ఉన్న పట్టణానికి పంపాల్సిందే. ఇంజిన్ దించి విప్పేది ఒకరు, బోరు కొట్టేది మరొకరు, డీజిల్ పంపు, నాజిళ్లు సరిచేసేది ఇంకొకరు, పిస్టన్ కిట్టు అమ్మేది వేరొకరు. తేడా వస్తే ప్రతి ఒక్కరూ పక్కవారి వైపు వేలు చూపుతారు. కాబట్టి రైతు అడగవలసిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. ‘మొత్తం పనికి పూచీ ఎవరిది?’ అన్నదే ఆ ప్రశ్న. దానికి తన పేరు చెప్పి, చీటీపై సంతకం పెట్టే మేస్త్రీ దొరికితే సగం చిక్కు తీరినట్టే.

పేరు కన్నా కొలత ముఖ్యం

మంచి మేస్త్రీని గుర్తించడానికి షెడ్డు ముందున్న బోర్డు సరిపోదు. అతని చేతిలోని కొలత పరికరాలను చూడాలి. సిలిండర్ పైభాగం ఎక్కువగా, కిందిభాగం తక్కువగా అరుగుతుంది. గుండ్రంగా ఉండాల్సిన బోరు కోలగా మారుతుంది. ఈ అరుగుదల చేతి వేలికి తెలియదు, బోర్ గేజీకే తెలుస్తుంది. రీబోరు చేసే ఇంజిన్లలో సాధారణంగా 0.25, 0.50 మిల్లీమీటర్ల చొప్పున పెద్ద సైజు పిస్టన్లు వాడతారు. లైనర్ ఉన్న ఇంజిన్లలో లైనరే మారుస్తారు. క్రాంకును మైక్రోమీటర్‌తో కొలిచాకే ఏ సైజు బేరింగ్ వేయాలో తేలుతుంది. హెడ్డుకు పగుళ్లున్నాయా అని పరీక్షించడం, బోల్టులను అంచనా మీద కాకుండా టార్క్ రెంచితో బిగించడం, తీసిన పాత భాగాలను యజమానికి అప్పగించడం నమ్మదగిన పనితనానికి గుర్తులు. కొలవకుండానే ‘కిట్టు మార్చేద్దాం’ అనేవారి దగ్గర జాగ్రత్త అవసరం.

‘పంపు పెంచి బలం తెప్పిస్తా’ అనే హామీ విషయంలో మరింత మెలకువ కావాలి. పంపు నుంచి డీజిల్ ఎక్కువగా వదిలితే కొంత బలం వస్తుంది. అందుకు తగిన గాలి అందకపోతే నల్లపొగ, అధిక వేడి కూడా వస్తాయి. ఆ వేడికి పిస్టన్, హెడ్డు దెబ్బతింటాయి. విదేశాల్లో పందెపు వాహనాల ఇంజిన్లు కట్టే పేరున్న షాపులు ఇంజిన్‌ను డైనమోమీటర్‌పై నడిపి, ఎంత బలం వచ్చిందో కాగితంపై చూపుతాయి. మన షెడ్లలో ఆ యంత్రం లేకపోవచ్చు. ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ఎంత, ఒక్కో సిలిండర్ కంప్రెషన్ ఎంత అన్నవి గేజీతో కొలిచి రాసివ్వడం మాత్రం అసాధ్యం కాదు.

చీటీలో ఏముండాలి?

ఇంజిన్ నంబరు, అప్పగించిన తేదీ, మీటరు గంటలు, విప్పాక తేలిన కొలతలు, మార్చే భాగాల కంపెనీ పేర్లు, కూలి, విడిభాగాల ఖర్చు వేర్వేరుగా, పూర్తయ్యే తేదీ, పూచీ ఎన్ని నెలలు లేదా ఎన్ని గంటలు అన్నవి ఉండాలి. అనుకున్నదానికి మించి ఖర్చు వస్తే యజమానికి చెప్పాకే పని సాగించాలన్న షరతు రాసుకోవాలి. చిన్న షెడ్డుకు జీఎస్టీ నంబరు లేనంత మాత్రాన మోసం అనుకోనక్కర్లేదు. బిల్లు ఇవ్వకపోవడం మాత్రం తప్పే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. బ్లాకు మార్చితే ఇంజిన్ నంబరు మారుతుంది కనుక రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో నమోదు చేయించాలి.

తగవు వస్తే...

చప్పుడు మారిన వెంటనే ఇంజిన్ ఆపాలి. ‘ఈ ఒక్క చాలు దున్నేద్దాం’ అని నడిపితే నష్టంతో పాటు ఆధారమూ పోతుంది. కోపంతో వేరే షెడ్డులో విప్పించడం మరో పొరపాటు. ఇద్దరి సమక్షంలో, వీలైతే మూడో మేస్త్రీని పిలిచి, ఫొటోలు తీస్తూ విప్పాలి. విరిగిన భాగాలే సాక్ష్యం చెబుతాయి. కొత్త రింగులు త్వరగా అరిగి, గాలి గొట్టంలో దుమ్ము కనిపిస్తే ఎయిర్ క్లీనర్ నిర్వహణను అనుమానించాలి. బేరింగులు కాలితే ఆయిల్ సరఫరాను, క్రాంకు కొలతలను చూడాలి. పిస్టన్ గీతలు పడితే రేడియేటర్ నీళ్లు తగ్గి వేడెక్కిందా, బోరు బిగువుగా కొట్టారా అన్నది తేల్చాలి. కారణం తేలాకే ఖర్చు ఎవరిదో మాట్లాడుకోవడం న్యాయం.

ఇంటి దగ్గరే ఫిర్యాదు

మాటలతో తేలకపోతే లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 1986 నాటి పాత చట్టం ప్రకారం ఎదుటివారు ఉన్నచోట లేదా వివాదం పుట్టినచోట కేసు వేయాల్సి వచ్చేది. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసే వీలు కల్పించింది. 2014 జూన్ 2 తర్వాత వేరే రాష్ట్రంలోకి వెళ్లిన కర్నూలులోనో, రాయచూరులోనో పని చేయించుకునే ఈ ప్రాంత రైతుకు ఇది పెద్ద ఊరట. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో రుసుము లేదు. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వ్యాపారం కోసం పొందిన సేవలు ఈ చట్టం కిందకు రావు. స్వయంఉపాధితో బతుకుతెరువు కోసమే అయితే వస్తాయి. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరించింది. యంత్రాన్ని తానే నడుపుకుంటూ, ఒకరిద్దరి సాయం తీసుకున్నా వినియోగదారుడే అవుతాడు. పూర్తిగా మరొకరితో నడిపించడానికే కొంటే కాడు. నాలుగైదు ట్రాక్టర్లకు డ్రైవర్లను పెట్టి కిరాయిలకు తిప్పే యజమాని సివిల్ కోర్టు దారి చూసుకోవాల్సి రావచ్చు.

మేస్త్రీకీ రక్షణ ఉంది

నష్టపోయేది ఎప్పుడూ రైతే అనుకోవడం సరికాదు. పని చేయించుకుని బాకీ పెట్టేవారు, నకిలీ కిట్టు తామే తెచ్చి నెపం షెడ్డుపై నెట్టేవారు లేకపోలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఒప్పుకున్న పని పూర్తిచేసిన మేస్త్రీ తన కూలి అందేవరకు ఆ ఇంజిన్‌ను తన వద్దే ఉంచుకోవచ్చు. అదే చట్టంలోని 151వ సెక్షన్ ప్రకారం దాన్ని సొంత వస్తువులా జాగ్రత్తగా చూడాల్సిన బాధ్యతా అతనిదే. ‘యజమాని తెచ్చిన భాగాలకు పూచీ లేదు’ అన్న ఒక్క వాక్యం చీటీలో ఉంటే అతనికి అదే రక్ష.

ఏటా డిసెంబర్ 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం జరుపుతారు. ఆ రోజు ఎర్రవల్లి చౌరస్తా వంటి చోట రైతులను, మేస్త్రీలను ఒకచోట కూర్చోబెట్టి, అచ్చు వేసిన జాబ్ కార్డు నమూనా చేతికిస్తే జిల్లా యంత్రాంగానికి అయ్యే ఖర్చు స్వల్పం. ఆ ఒక్క కాగితం ఉంటే తగవు కమిషన్ దాకా వెళ్లక ముందే షెడ్డు దగ్గరే తేలే అవకాశం ఉంటుంది. రైతుకు అదను దక్కుతుంది, మేస్త్రీకి పేరు నిలుస్తుంది.