ఒక్క అక్షరం జారితే

పోయిన నెల పావ్ పొంగించే ఈస్ట్ గురించి రాశాను కదా. మన హిమాయత్‌నగర్ పదో తరగతి పిల్ల ఒకామె అడిగింది: "కణం ప్రోటీన్ కట్టేటప్పుడు తప్పు చదివితే ఎట్లా?" మంచి ప్రశ్నే.

రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను మూడేసి అక్షరాలుగా చదువుతుంది. "తపనసరసం" తీసుకోండి: తపన, సరసం. మొదటి అక్షరం వదిలేస్తే పనస రసం! మాటలే మారిపోయాయి. అందుకే జారితే మామూలుగా ప్రోటీన్ పనికిరాకుండా పోతుంది.

ఈస్ట్‌లో టీవై1 అనే జన్యు భాగం మాత్రం జారుడు మీదే బతుకుతుంది. అక్కడ సీయూయూ ఏజీజీ సీ అని ఏడక్షరాలుంటాయి. ఏజీజీకి సరుకు మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ అరుదు. కండె అందని మగ్గంలాగా రైబోజోమ్ ఆగిపోతుంది. ఈలోగా పట్టు ఒక అక్షరం ముందుకు జారి యూయూఏ మీద కూర్చుంటుంది. అన్నిసార్లూ కాదు, కొన్నిసార్లే. జారకపోతే చిన్న ప్రోటీన్‌తో పని ముగుస్తుంది, జారితే పొడవాటిది వస్తుంది. టీవై1కి రెండూ కావాలి, పాళ్లు తప్పకూడదు. శాస్త్రజ్ఞులు ఆ టీఆర్‌ఎన్‌ఏను పెంచి చూశారు: జారుడు తగ్గింది, టీవై1 ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకడమూ తగ్గింది.

కరోనా వైరస్ ఇలాంటి పనే ఒక అక్షరం వెనక్కి జరిగి చేస్తుంది. దాన్ని చెడగొట్టే మందు కోసం ఇప్పుడు వెతుకుతున్నారు.