ఎనభై ఏళ్ల అజ్ఞాతవాసం

పదిహేడేళ్ల కుర్రాడు దాదాపు నెల రోజుల్లో ఓ సింఫనీ రాశాడు. కాగితాలు సర్ది పక్కన పెట్టేశాడు. అంతే... అతను పోయిన అరవై ఏళ్లకుగానీ లోకం ఆ స్వరాలను వినలేదు! ఆ కుర్రాడు జార్జ్ బిజే. 'కార్మెన్' ఒపేరాతో ప్రపంచమంతా పేరు మోగిన ఫ్రెంచి స్వరకర్త. ఆ రచన 'సింఫనీ ఇన్ సి'.

పదేళ్లు నిండకుండానే పారిస్ సంగీత కళాశాలలో చేరాడు బిజే. అతనికి దారి చూపిన పెద్దల్లో షార్ల్ గూనో ఒకరు. 1855లో గూనో తొలి సింఫనీకి మంచి పేరొచ్చింది. దాన్ని పియానో మీద వాయించడానికి వీలుగా మార్చి రాసే పని బిజేకి దక్కింది. ఒక్కో స్వరం చేత్తో రాస్తుంటే గురువు పనితనం వంటబట్టకుండా ఉంటుందా! అదే ఏడాది అక్టోబరు 29న, పుట్టినరోజు దాటిన నాలుగు రోజులకు, సొంత సింఫనీ మొదలుపెట్టాడు.

మొత్తం నాలుగు భాగాలు, అరగంట సంగీతం. మొదటి భాగం ఉరకలేసే ఉత్సాహం. రెండోది దీనికి ప్రాణం. మన సన్నాయిలా రెల్లు పీకతో ఊదే ఓబో, దిగులు నిండిన ఓ రాగాన్ని ఒంటరిగా ఎత్తుకుంటుంది. తీగవాద్యాలు మెల్లగా తోడు నడుస్తాయి. మూడోది పల్లె నాట్యంలా సాగుతుంది. మధ్యలో తిత్తి ఊదినట్లు కింద ఒకే శ్రుతి నిలబడి ఉంటే, పైన బాణీ గంతులేస్తుంది. చివరి భాగంలో వయొలిన్లకు ఊపిరి తీసుకునే తీరికే ఉండదు!

మరి ఎందుకు దాచేశాడు? గూనో పోలికలు మరీ కొట్టొచ్చినట్లు కనిపిస్తాయని జంకాడేమోనని పరిశోధకుల ఊహ. దానిలోని బాణీలు కొన్నింటిని మాత్రం తర్వాతి రచనల్లో వాడుకున్నాడు.

1875 మార్చి 3న 'కార్మెన్' తొలి ప్రదర్శన జరిగింది. ఆదరణ అంతంతమాత్రం. సరిగ్గా మూడు నెలలకు, 36 ఏళ్లకే బిజే కన్నుమూశాడు. భార్య జెన్వియేవ్ దగ్గరున్న రాతప్రతి స్వరకర్త రేనాల్డో హాన్ చేతికి, ఆయన నుంచి బిజే చదివిన కళాశాల గ్రంథాలయానికే చేరింది. 1933లో అక్కడ బయటపడింది. బిజే జీవితచరిత్ర రాసిన పార్కర్ ఆ సంగతి ప్రఖ్యాత సంగీత నిర్దేశకుడు ఫెలిక్స్ వైన్‌గార్ట్‌నర్ చెవిన వేశాడు. 1935 ఫిబ్రవరి 26న స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో ఆ స్వరాలు తొలిసారి మోగాయి. 1947లో జార్జ్ బాలన్‌షీన్ దీనికి బ్యాలే కూడా కూర్చాడు.

అనుకరణ అంటారేమోనని బిజే నిజంగానే జంకి ఉంటే, కాలం తీర్పు వేరేగా వచ్చింది. ఇవాళ గురువు సింఫనీ కన్నా శిష్యుడిదే ఎక్కువగా వినిపిస్తోంది. కొత్తగా వినేవారు రెండో భాగంతో మొదలుపెట్టొచ్చు. ఆ ఓబో వింటే, రాసింది పదిహేడేళ్ల పిల్లాడంటే నమ్మబుద్ధి కాదు.