ఆపద్ధర్మము నిత్యధర్మము కారాదు

2020వ సంవత్సరము మార్చి మాసమున కరోనా వ్యాధి కారణముగా దేశమందలి విశ్వవిద్యాలయములు మూతపడి, ఆన్‌లైను బోధన ప్రారంభమయ్యెను. ఆ యాపత్సమయమున నది యనివార్యమే. అధ్యాపకుల శ్రమ ప్రశంసనీయమే. కాని తరగతిగదితోపాటు గ్రంథాలయమును, ప్రయోగశాలయు, వసతిగృహమును మూతపడెను. అంతవరకు విద్యాలయము వహించిన భారము విద్యార్థి యింటిపై బడెను.

ఆ యిండ్ల స్థితి యెట్టిది? 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారము గ్రామసీమలలో నూటికి 15 కుటుంబములకే ఇంటర్నెట్టు సౌకర్యము ఉండెను. కంప్యూటరుగల కుటుంబములు నాడు నూటికి 5 అయినను లేకుండెను. ఒక్క ఫోనును తోబుట్టువులందరు పంచుకొనుచోట, సిగ్నలు కొరకు డాబా యెక్కుచోట, హాజరుపట్టీ విద్యకు కొలబద్ద యగునా? తరగతిలో సందేహమడిగెడి విద్యార్థి తెరయెదుట మూగవోయెను. రసాయనశాస్త్ర విద్యార్థి పరీక్షనాళికను ముట్టకయే పాఠము ముగించెను.

2021 మే మాసమున యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను పాఠ్యభాగమున నూటికి 40 వంతులవరకు ఆన్‌లైనులో బోధింపవచ్చునని ప్రతిపాదించెను. ఆన్‌లైను విద్యకు మేము విరోధులము కాము. కాని బల్లలవలె, నల్లబల్లవలె, కంప్యూటరును ఇంటర్నెట్టును సమకూర్చుట ప్రభుత్వ ధర్మము కావలయును. ఆ యేర్పాటు లేక తరగతులను తగ్గించుట పేదవాని చదువును తగ్గించుటయే.