పైప్‌లైన్ సరే, కన్సోల్ తాళాలు ఎవరి దగ్గరున్నాయి?

ఈ మధ్య ఎవరి రెజ్యూమె చూసినా జెన్కిన్స్, టెరాఫామ్, కుబర్నెటీస్ అని వరసగా ఉంటున్నాయి. నాదాన్లోనూ ఉన్నాయనుకోండి :) క్లయింటు కాల్‌లో మా మేనేజరు "మాదంతా ఆటోమేటెడ్" అంటుంటే నేను మ్యూట్‌లో నవ్వుకుంటూ ఉంటా.

ఆ ఆటోమేషన్ సంగతేంటో చెప్తా. ఒక రాత్రి రెండింటికి మా ప్రొడక్షన్ పడిపోయింది. మా లీడ్ గారు నేరుగా ఏడబ్ల్యూఎస్ కన్సోల్లోకెళ్ళి సెక్యూరిటీ గ్రూపులో ఒక పోర్టు చేత్తో తెరిచారు. అన్నీ లేచాయి, ఆయనకి చప్పట్లు. ఆ టైములో అది తప్పని నేననను. మర్నాడు దాన్ని కోడ్‌లో రాయకపోవడం తప్పు. మూడు వారాల తర్వాత, కొత్తగా చేరిన కుర్రాడు ఏవో ట్యాగులు మార్చడానికి పైప్‌లైన్ నడిపాడు. మా రూల్సన్నీ ఆ గ్రూపు రిసోర్సు లోపలే రాసి ఉంటాయి. అలా రాసినప్పుడు కోడ్‌లో లేని రూలు కనబడితే టెరాఫామ్ పీకేస్తుంది. పీకేసింది. పేమెంట్లు 40 నిమిషాలు ఆగిపోయాయి.

రిపోర్టులో "హ్యూమన్ ఎర్రర్" అని రాసి కుర్రాణ్ణి బెంచి మీద కూర్చోబెట్టారు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ!

ఇంతకీ ప్లాన్‌లో ఆ రూలు పక్కన మైనస్ గుర్తు ఉండనే ఉంది, వందల లైన్ల ట్యాగుల గోల మధ్యలో. అప్రూవ్ నొక్కింది నేను. చదవకుండా నొక్కాను. నన్నెవరూ ఒక్క మాట అనలేదు.

నైట్ క్యాపిటల్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2012 ఆగస్టు 1న, 8 సర్వర్లలో పెట్టాల్సిన కోడ్ 7 సర్వర్లకే చేరింది. ఎనిమిదోదాన్లో ఏళ్ళ క్రితం వాడటం మానేసిన పాత కోడ్ నిద్ర లేచింది. దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్ల పైనే నష్టం. అయితే 2013లో అమెరికా ఎస్ఈసీ ఏం చేసిందో చూడండి. సర్వర్ మర్చిపోయినవాణ్ణి పట్టుకుని వేలాడలేదు. రెండో మనిషి సరిచూడాలన్న రాతపూర్వక పద్ధతే మీ దగ్గర లేదని ఎత్తిచూపింది. 1.2 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది కంపెనీ.

"ఎమర్జెన్సీలో పైప్‌లైన్ కోసం ఎవరాగుతారండీ" అంటారా? ఆగొద్దు. దానికో ప్రత్యేక లాగిన్ పెట్టండి, అది వాడిన క్షణం టీమందరి ఫోన్లూ మోగాలి. మిగతా రోజుల్లో మనుషులకి ప్రొడక్షన్ కన్సోల్ చూడ్డానికే, మార్చడానికి కాదు. లీడ్ గారికైనా సరే. ఇంకోటి, టెరాఫామ్ ప్లాన్‌ని డీటెయిల్డ్ ఎగ్జిట్‌కోడ్ ఆప్షన్‌తో రోజూ రాత్రి నడిపించండి. కోడ్‌కీ అక్కడున్నదానికీ తేడా ఉంటే 2 అని తిరిగొస్తుంది. పైసా ఖర్చు లేదు, పూట పని. మా దగ్గర అదుంటే ఆ మూడు వారాల్లో ఇరవై సార్లు అరిచి ఉండేది.

కిందటి సోమవారం ఆ రాత్రి జాబ్ నేనే పెట్టాను. మొదటి రోజే 14 తేడాలు తేలాయి. అందరి కన్సోల్ రైట్ యాక్సెస్ తీసేయమని టికెట్ కూడా వేశాను. అది మా లీడ్ గారి అప్రూవల్ కోసం పెండింగ్‌లో ఉంది.